షీలే గీసిన ఆకుపచ్చ జాకెట్టు అమ్మాయి నిజంగా దిగులుగా ఉందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆస్ట్రియా చిత్రకారుడు ఎగాన్ షీలే 1917లో గీసిన బొమ్మ ప్రింటు ఒకటి చూశారు. ఆకుపచ్చ జాకెట్టు, ఎర్రటి జుట్టు, పైకి లేపిన మోకాలి మీద తల వాల్చి కూర్చున్న అమ్మాయి. చూడగానే మీకు దిగులేసింది. తర్వాత నెట్‌లో వెతికితే ఒకచోట ఆకుపచ్చ అంటే ఈర్ష్య అన్నారు, ఇంకోచోట చావుకి గుర్తు అన్నారు, మరోచోట షీలే తన చావుని ముందే పసిగట్టి ఇది గీశాడని రాశారు. ఇందులో ఏది నమ్మాలి, ఇలాంటి బొమ్మల్లో మూడ్‌నీ సంకేతాలనీ సొంతంగా ఎలా చదువుకోవాలి అని మీ ప్రశ్న.

నేను ఫిగర్ డ్రాయింగ్, అంటే మనుషుల బొమ్మలు గీయడం, నేర్పడం మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది. ఈ బొమ్మని ఏటా క్లాసులో గోడకి పెడతాను. అందుకే ముందు జవాబు చెప్పేసి, తర్వాత కారణాలు చెబుతాను.

ఆ అమ్మాయి దిగులుగా ఉందని నేను అనుకోను. ఒంట్లో అలసట ఉంది, కూర్చున్న తీరులో చనువు ఉంది, కళ్ళలో మాత్రం ఎదుటివాళ్ళని తూకం వేసే చూపు ఉంది. ఆకుపచ్చ ఈర్ష్యకీ గుర్తు కాదు, చావుకీ గుర్తు కాదు. కానీ ఆ బొమ్మలో అది చేసే పని చాలా పెద్దది. ఆధునిక ఫిగర్ డ్రాయింగ్‌లో మూడ్ ముందుగా గీతలో, ఒంటి బరువు ఎక్కడ పడుతోందన్న దాంట్లో, ఖాళీగా వదిలేసిన కాగితంలో ఉంటుంది. సంకేతం సంగతి అన్నిటికంటే చివర ఆలోచించాలి. మీరు చదివినవాళ్ళు చివర చేయాల్సిన పని మొదట చేశారు.

ఎందుకు చివర అంటున్నానో చెబుతాను. మన గుళ్ళో శంఖం, చక్రం చూడగానే విష్ణువు అంటాం. త్రిశూలం, డమరుకం ఉంటే శివుడు. చెక్కిన శిల్పికీ దణ్ణం పెట్టుకునేవాడికీ ఆ సంగతి ముందే తెలుసు. యూరప్ పాత చర్చి బొమ్మలు కూడా అంతే. చేతిలో తాళంచెవులు ఉంటే సెయింట్ పీటర్, పక్కన చక్రం ఉంటే సెయింట్ కేథరిన్. గీసేవాడికీ చూసేవాడికీ మధ్య ఒక ఉమ్మడి నిఘంటువు ఉండేది. షీలే తరం వచ్చేసరికి ఆ నిఘంటువుని పక్కన పెట్టేశారు. ఆయన 1906లో పదహారేళ్ళకే వియన్నా చిత్రకళా అకాడమీలో చేరి, అక్కడి పద్ధతులు నచ్చక 1909లో తోటి విద్యార్థులతో కలిసి బయటికొచ్చేశాడు. అలాంటివాడి బొమ్మకి 'ఈ రంగుకి ఈ అర్థం' అనే పట్టిక పట్టుకెళితే తాళం ఒకటి, తాళంచెవి ఒకటి అవుతుంది.

ఇప్పుడు మీ దిగులు దగ్గరికి వద్దాం. అది ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానం, అది సగం బొమ్మలోంచి వచ్చింది, సగం మీ ఇంట్లోంచి వచ్చింది. నేను చిన్నప్పుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. "ఏమైందని అలా ముడుచుకు కూర్చున్నావు, లే" అని భుజం మీద తట్టేది. బుగ్గన చెయ్యి పెట్టుకున్నా అంతే. మన ఇళ్ళలో ఆ భంగిమకి ముందే ఒక అర్థం అంటించి ఉంటుంది. నా క్లాసులో మొదటి రోజు అడిగితే పదిమందిలో ఏడెనిమిది మంది 'బాధ' అనే అంటారు. అది తప్పు కాదు, కానీ అది బొమ్మని చూసి చెప్పిన మాట కాదు, భంగిమ పేరు విని చెప్పిన మాట.

అందుకే నేను పిల్లల చేత ఒక పని చేయిస్తాను. మీరూ చేయండి. ఆ భంగిమలో మీరే కూర్చోండి, పది నిమిషాలు. నేల మీద కూర్చుని ఒక మోకాలు పైకి లేపి, రెండో కాలు కింద వాల్చి, తలని పక్కకి వంచి బుగ్గ మోకాలికి ఆనించండి. పోయినేడు ఒక అమ్మాయి అలా కూర్చుంది. ముందు రెండు నిమిషాలు నవ్వింది. నాలుగో నిమిషానికి నడుము సర్దుకుంది. తర్వాత నెమ్మదిగా మెడ వదులైంది, తల బరువంతా మోకాలి మీదికి దిగింది, బుగ్గ కొంచెం నొక్కుకుపోయి పెదవి మూల పైకి లేచింది. అప్పుడు తను చెప్పిన మాట నేను నోట్స్‌లో రాసుకున్నాను: "సార్, ఇలా కూర్చుంటే ఏడుపు రాదు. ఎవరితోనైనా కబుర్లు చెప్పాలనిపిస్తుంది."

ఇది చిన్న విషయం కాదు. దుఃఖంలో ముడుచుకున్న మనిషి మొహం లోపలికి దాచుకుంటుంది. రెండు మోకాళ్ళూ దగ్గరికి వస్తాయి, నుదురు మోకాళ్ళకి ఆనుతుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి. షీలే అమ్మాయి మొహం పక్కకి వాలింది తప్ప దాగలేదు. కళ్ళు సూటిగా మనకేసే చూస్తున్నాయి. కాళ్ళు విడిగా, అలవాటైన ఇంట్లో కూర్చున్నట్టు ఉన్నాయి. బుగ్గన చెయ్యి పెట్టుకుని ఎటో చూసే మనిషికీ, మోకాలి మీద తల వాల్చి మిమ్మల్నే చూసే మనిషికీ చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇక గీత. నాకు షీలే మీద ఉన్న ప్రేమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను.

ఆయన పని చేస్తుండగా చూసినవాళ్ళు రాసిపెట్టిన సంగతి ఏమిటంటే, మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని చాలా వేగంగా గీసేవాడు, రబ్బరు వాడేవాడు కాదు. గీత తప్పితే కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకునేవాడు. రంగు మాత్రం మోడల్ వెళ్ళిపోయాక, గుర్తున్నదాన్ని బట్టి వేసేవాడు. ఈ బొమ్మలో నల్ల క్రేయాన్ గీత ఒక పూట పని, పైన గ్వాష్ (చిక్కటి నీటిరంగు), వాటర్‌కలర్ తర్వాతి పని అని చూడాలి. గీతలో ఉన్న మూడ్ ఎదురుగా కూర్చున్న మనిషిది. రంగులో ఉన్న మూడ్ ఎక్కువగా చిత్రకారుడి జ్ఞాపకానిది. ఈ రెంటినీ విడదీసి చూడటం అలవాటైతే బొమ్మ మాట్లాడటం మొదలుపెడుతుంది.

గీత మూడ్ ఎలా చెబుతుంది? చేతి వేగం, ఒత్తిడి, ఎక్కడ ఆగింది, ఎక్కడ విరిగింది, ఇవే. 1910, 1911 నాటి షీలే బొమ్మలు తీసి పక్కన పెట్టండి. ఆ గీత మోచేతి దగ్గర, తుంటి దగ్గర, వేళ్ళ కణుపుల దగ్గర కోణంలా విరుగుతుంది. ఒళ్ళు ఏదో తీగ చుట్టి లాగినట్టు ఉంటుంది. మొహం ప్రశాంతంగా ఉన్నా మనకి టెన్షన్ పుడుతుంది, ఎందుకంటే గీతకి ఆ వణుకు ఉంది. 1917కి వచ్చేసరికి అదే చెయ్యి నెమ్మదించింది. గీత పొడుగ్గా, గుండ్రంగా సాగుతుంది. కాలి పిక్క దగ్గర అది లోపలి కండ బరువు తెలిసేలా వంగుతుంది. నా విద్యార్థుల చేత రెండు కాలాల బొమ్మలనీ పలచటి కాగితం వేసి గీయిస్తాను. మొదటిదానికి మణికట్టు నొప్పి పుడుతుంది. రెండోదానికి భుజం నుంచి చెయ్యి కదులుతుంది. చూసి చెప్పలేని తేడా గీస్తే చేతికి తెలుస్తుంది. మీకు బొమ్మలు గీయడం రాకపోయినా సరే, ఒక్కసారి అలా గీత మీద పెన్సిల్ నడిపించండి.

ఆ నెమ్మది వెనక కారణాలు కొన్ని ఉన్నాయి. 1915 జూన్‌లో ఎడిత్ హార్మ్స్‌ని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళైన కొన్ని రోజులకే సైన్యంలోకి పిలుపొచ్చింది. 1917 మొదట్లో ఆయన్ని వియన్నాకి మార్చారు, మళ్ళీ సొంత స్టూడియోలో గీసుకునే వీలు దొరికింది. ఈ బొమ్మ ఆ ఏడాదిదే. మోడల్ ఎడిత్ అని కొందరు అంటారు, ఆమె అక్క అడెల్ అని ఇంకొందరు అంటారు. మూడ్ చదవడానికి అది తేలాల్సిన అవసరం లేదు. ఇంటి మనిషి కూర్చున్నట్టు ఉందన్నది మాత్రం గీతలోనే కనిపిస్తుంది.

ఖాళీ కాగితం గురించి చెప్పకపోతే షీలే గురించి ఏమీ చెప్పనట్టే. బొమ్మలో నేల లేదు, గోడ లేదు, కుర్చీ లేదు, నీడ కూడా లేదు. ఆమె కూర్చుంది గానీ దేని మీద కూర్చుందో తెలియదు. ఈ ఖాళీయే చాలామందికి 'ఒంటరితనం' లాగా తగులుతుంది. షీలే కావాలనే ఈ పని చేసేవాడు. నిచ్చెన మీదో స్టూలు మీదో ఎక్కి కింద పడుకున్న మోడల్‌ని పైనుంచి గీసేవాడు. తర్వాత ఆ కాగితాన్ని నిలువుగా తిప్పి సంతకం పెట్టేవాడు. పడుకున్న మనిషి నిలబడినట్టు, ఆధారం లేకుండా గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే ఆయన బొమ్మ ఏది చూసినా పేరూ సంవత్సరం చిన్న గడిలో రాసిన ఆ సంతకం ఎటువైపు ఉందో చూడండి. ఏ దిక్కున పట్టుకుని చూడాలో ఆయనే చెప్పిపెట్టాడు. బొమ్మని మనసులో పక్కకి తిప్పి చూస్తే అసలు భంగిమ దొరుకుతుంది. చాలాసార్లు 'వేదనతో మెలిపడిన శరీరం' అని మనం అనుకున్నది హాయిగా పడుకున్న మనిషి అని తేలుతుంది. అయితే తిప్పి పెట్టినప్పుడు పుట్టే కలవరం కూడా అబద్ధం కాదు. అది మోడల్ మనసులోది కాదు, చిత్రకారుడు మన కోసం పుట్టించినది. రెండూ నిజమే, ఎవరిది ఏదో తెలియాలి అంతే.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక కుర్ర చిత్రకారిణి ప్రదర్శనలో మాట్లాడమన్నారు. ఆమె చార్‌కోల్‌తో గీసిన ముసలావిడ బొమ్మలో పాదాలు లేవు, చీలమండ దగ్గరే కాగితం అయిపోయింది. నేను పదిమంది ముందు, ఊరు విడిచి వచ్చిన మనిషి వేళ్ళు తెగిపోయాయని చెప్పడానికే పాదాలు తీసేశారు అని గట్టిగా చెప్పాను. తర్వాత ఆమె పక్కకి పిలిచి, "సార్, తల దగ్గర మొదలుపెట్టాను, కింద చోటు చాల్లేదు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ బొమ్మ ముందు నిలబడ్డాను. చోటు చాలకపోవడం నిజమే, కానీ ఆమె కింద ఇంకో కాగితం అతికించలేదు, బొమ్మని మళ్ళీ చిన్నదిగా గీయలేదు. అలాగే ఉంచి ఫ్రేమ్ కట్టించింది. ఆమెనే అడిగాను. "అలా ఉంటేనే అవ్వలాగా అనిపించింది" అంది. అప్పటినుంచి నేను 'చిత్రకారుడు ఇలా చెప్పదలుచుకున్నాడు' అనే మాట వాడటం మానేశాను. 'ఇక్కడ ఇలా ఉంది, దానివల్ల నాకు ఇలా తగులుతోంది' అంటాను. బొమ్మలో ఉన్నదీ, మనకి తగిలినదీ, గీసినవాళ్ళు అనుకున్నదీ వేరువేరు. మూడింటినీ కలిపేస్తే తప్పులొస్తాయి.

ఇప్పుడు మీ ఆకుపచ్చ. మన తెలుగులో 'పచ్చ' అన్న మాట చూడండి, ఆకుకీ అదే, పసుపుకీ అదే. పచ్చగా ఉండమని దీవిస్తాం, పచ్చని సంసారం అంటాం. ఆకుపచ్చ చూసి మనకి ఈర్ష్య గుర్తురాదు. ఆ ఈర్ష్య సంగతి ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల నుడికారం, నుడికారం ఉన్నంత మాత్రాన దాన్ని తెచ్చి ఈ కాగితం మీద అతికించడం ఏం న్యాయం? రంగుకి అర్థం భాషని బట్టి, ఊరిని బట్టి మారుతుంది.

అందుకని రంగు 'ఏమిటి' అని కాదు, 'ఎక్కడ, ఎంత, దేని పక్కన' అని అడగండి. ఈ బొమ్మలో ఆకుపచ్చ ఎక్కడుంది? జాకెట్టు మీద, అంటే గుండె చుట్టూ, భుజాల మీద. ఎలా వేశాడు? చదునుగా నింపలేదు, కుంచె జాడలు కనబడేలా, బట్ట ముడతల వెంట లాగాడు. దేని పక్కన ఉంది? ఎర్రనారింజ జుట్టు పక్కన. ఎరుపు, ఆకుపచ్చ ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ మండినట్టు కనిపిస్తాయి, అది కంటికి సంబంధించిన సంగతి, దానికి సంకేతం అక్కర్లేదు. కింద లోదుస్తులు తెల్లగా, మేజోళ్ళు నల్లగా, చుట్టూ కాగితం వట్టిగా. కాబట్టి చూపు ముందు జుట్టు మీదికీ జాకెట్టు మీదికీ వెళుతుంది, ఆ రెంటికీ మధ్య ఉన్న మొహం మీద ఆగుతుంది. అక్కడ ఆ కళ్ళు మనల్ని పట్టుకుంటాయి. ఒళ్ళంతా విశ్రాంతిగా ఉన్నా బొమ్మ నిద్రపోకుండా ఉండటానికి కారణం ఆ రంగు. నేను దాన్ని 'మెలకువ' అంటాను. ఆకుపచ్చకి అది అర్థం అని కాదు, ఈ ఒక్క బొమ్మలో అది చేసే పని అది.

ఒక చిన్న హెచ్చరిక. మీరు ఫోన్‌లో చూసి ఉంటే ఆ పచ్చ ఎంత పచ్చో నమ్మకండి. ఒకే బొమ్మ మూడు సైట్లలో మూడు రకాలుగా, ఒకచోట చిలకపచ్చగా ఇంకోచోట నాచుపచ్చగా కనిపిస్తుంది. కాగితం రంగు కూడా ఒకచోట తెల్లగా, ఒకచోట గోధుమ రంగులో వస్తుంది. అసలు బొమ్మ ప్రాగ్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు సుమారు 46 సెంటీమీటర్లు, వెడల్పు 30, అంటే ఎ3 కాగితం కంటే కొంచెం పొడుగు. ఆ సైజులో ప్రింటు తీయించి మీ కంటి ఎత్తులో పెట్టుకుని చూడండి. ఫోన్‌లో ఆమె చిన్న బొమ్మ, ఆ సైజులో ఎదురుగా కూర్చున్న మనిషి.

మరి షీలే దగ్గర సంకేతాలే లేవా? ఉన్నాయి. ఆయనే రాసి చెప్పినవి ఉన్నాయి. 1912 ఏప్రిల్‌లో నాయ్‌లెంగ్‌బాక్ అనే ఊళ్ళో ఆయన్ని అరెస్టు చేసి 24 రోజులు నిర్బంధంలో పెట్టారు. పిల్లలు చూసేలా అసభ్యమైన బొమ్మలు ఉంచాడన్న నేరం మీద శిక్ష పడింది, జడ్జి ఆయన బొమ్మ ఒకదాన్ని కోర్టులోనే కొవ్వొత్తి మంట మీద కాల్చాడు. ఆ జైలు గదిలో గీసిన బొమ్మల్లో ఒకటి ఏప్రిల్ 19 నాటిది. మంచం, దుప్పటి, తలుపు, అన్నీ మసక రంగులు. దుప్పటి మీద ఒకే ఒక నారింజపండు. బొమ్మ మీదే ఆయన రాసుకున్నాడు, ఆ ఒక్క నారింజే వెలుగు అని. నారింజపండుకి ఏ నిఘంటువులోనూ 'ఆశ' అన్న అర్థం లేదు. చుట్టూ రంగు లేకుండా చేసి, ఉన్న కాస్త రంగూ దానికే ఖర్చు పెట్టడం వల్ల అది సంకేతం అయింది. ఆధునిక బొమ్మలో సంకేతం పుట్టే పద్ధతి ఇదే. బయటినుంచి తెచ్చిన అర్థం కాదు, ఆ కాగితం లోపలే తయారైన అర్థం.

ఇక ఆ చావు జోస్యం మాట. ఇది అన్నిటికంటే పెద్ద ఉచ్చు, నేను కూడా ఇందులో పడ్డవాణ్ణే. షీలే జీవితం ముగిసిన తీరు ఎవరినైనా కదిలిస్తుంది. స్పానిష్ ఫ్లూలో 1918 అక్టోబర్ 28న ఆరు నెలల గర్భంతో ఎడిత్ చనిపోయింది, మూడు రోజులకి 31న ఆయన పోయాడు, అప్పటికి 28 ఏళ్ళు. ఇది తెలిశాక ఆయన ఏ బొమ్మ చూసినా చావే కనిపిస్తుంది. కానీ 1917లో ఆ గదిలో కూర్చున్న ఇద్దరికీ అది తెలియదు. 1918 మార్చిలో వియన్నా సెసెషన్ అనే చిత్రకారుల సంఘం ప్రదర్శనలో ఆయన బొమ్మలకి మంచి పేరొచ్చింది, ముందు చూపంతా బతుకు మీదే ఉంది. అదే ఏడాది పెద్ద పెయింటింగ్ ఒకటి, మగవాడూ ఆడమనిషీ వాళ్ళ ముందు పసివాడూ, ఇప్పుడు 'కుటుంబం' అన్న పేరుతో పిలుస్తున్నారు, పుట్టని బిడ్డకి నివాళి అని రాస్తుంటారు. ప్రదర్శనలో పెట్టినప్పుడు దాని పేరు గొంతుకూర్చున్న జంట అని మాత్రమే. 'కుటుంబం' అన్నది తర్వాత అంటిన పేరు.

నేను పడ్డ ఉచ్చు జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్స్ దగ్గర. చనిపోయిన బిడ్డని తల్లి ఒళ్ళో అదుముకుని ముఖం అతని ఛాతీలో దాచుకున్న ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చుతీసిన బొమ్మ) ఒకటి ఆమెది ఉంది. తల్లి ఒళ్ళంతా ఒక జంతువు ముడుచుకున్నట్టు ఉంటుంది. ఆమె కొడుకు పీటర్ మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు కాబట్టి, ఆ దుఃఖంతో గీసిన బొమ్మ అని మొదట్లో రెండేళ్ళపాటు క్లాసులో చెప్పాను. తర్వాత సంవత్సరాలు చూసుకున్నాను. ఎచింగ్ 1903 నాటిది, పీటర్ చనిపోయింది 1914 అక్టోబర్‌లో. ఇంకా చెప్పాలంటే ఆ బొమ్మ కోసం అద్దం ముందు కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నది బతికున్న పీటర్‌నే, అప్పుడు వాడికి ఏడేళ్ళు. ఇది తెలిసిన రోజు బొమ్మ నాకు చిన్నదైపోలేదు, ఇంకా భయంకరంగా అనిపించింది. వెచ్చటి పిల్లవాణ్ణి పట్టుకుని ఒక తల్లి చావుని ఊహించింది. ముందు తేదీ చూడండి. తర్వాత జరిగినదాన్ని ముందు గీసిన గీతలోకి తోయకండి.

చావు నిజంగానే గదిలో ఉండగా షీలే గీసిన బొమ్మ కూడా ఒకటి ఉంది, ఎడిత్ ఆఖరి గంటల్లో నల్ల చాక్‌తో గీసినది. దాన్నీ ఆకుపచ్చ జాకెట్టు అమ్మాయినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత రెండోదాంట్లో చావు ఉందని అనలేరు.

ఒకే రకం గీతకి రెండు చోట్ల రెండు అర్థాలుంటాయన్న దానికి మన దేశంలోంచి ఒక ఉదాహరణ. షీలే 1910లో తన బొమ్మ తనే గీసుకున్నప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టేలా గీశాడు. అది ఎంచుకున్న సన్నదనం, మనసులో ఉన్న రాపిడికి ఒంటి రూపం. బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్ 1943లో బెంగాల్ కరువులో మిడ్నపూర్ పల్లెల్లో తిరిగి ఇంకుతో మనుషుల్ని గీశాడు. అక్కడ పక్కటెముకలు దేనికీ సంకేతం కాదు, ఆకలే. ఆ బొమ్మల పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని కాల్చేసింది. చిత్తప్రసాద్ బొమ్మ ముందు నిలబడి 'ఆధునిక మనిషి అంతర్మథనం' అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఎముక కనిపించగానే సంకేతం అనేయకూడదు. గీసినవాడు ఎక్కడ నిలబడి, ఎవరిని చూసి గీశాడో ముందు అడగాలి.

ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. షీలే మొదటి కాలపు బొమ్మల్లో చిన్నవయసు మోడల్స్ ఉన్నారు. వాటిని చూస్తే మీకు ఇబ్బందిగా ఉంటే, 'కళ అర్థం కాలేదు' అని ఎవరైనా అన్నా వెనక్కి తగ్గకండి. ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడబడుతున్నారు, వాళ్ళకి కాదనే వీలుందా అన్నది కూడా మూడ్‌లో భాగమే. ఈ 1917 బొమ్మ దగ్గర నేను ఎక్కువసేపు ఉండగలగడానికి ఒక కారణం, ఈమె పెద్దమనిషి, లోదుస్తుల్లో ఉన్నా ఆ చూపుకి లొంగుబాటు లేదు. మనం ఆమెని చూస్తున్నంత సేపూ ఆమె కూడా మనల్ని చూస్తూనే ఉంటుంది.

మీరు ఇంకో బొమ్మతో మొదలుపెట్టినా ఇదే దారిలో వెళ్ళండి. మొదట ఏ వ్యాఖ్యానమూ చదవకుండా ఐదు నిమిషాలు చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. 'విషాదం' అని రాయకండి, 'మెడ పక్కకి వాలింది, భుజం కిందికి జారింది' అని రాయండి. తర్వాత ఆ భంగిమలో కూర్చోండి. గీత మీద పెన్సిల్ నడపండి. ప్రింటుని తలకిందులు చేసి రంగులు మాత్రమే చూడండి. ఇదంతా అయ్యాకే తేదీ, మోడల్, చిత్రకారుడి కథ. అప్పటికీ ఏదైనా వస్తువో రంగో 'నేను ఊరికే లేను' అని పిలుస్తుంటే, అప్పుడు దాన్ని సంకేతం అని పిలవండి. చాలాసార్లు అక్కడి దాకా వెళ్ళే పనే ఉండదు.

మీ దిగులుని మాత్రం కొట్టేయొద్దు. ఆ పది నిమిషాలూ కూర్చుని లేచాక కూడా అది అలాగే ఉంటే, ఆమె కనురెప్పల దగ్గరికి వెళ్ళండి. పై రెప్ప గీత కాస్త బరువుగా కిందికి దిగి ఉంటుంది, ఆ ఒక్క చోట మీ మాట నిజం కావచ్చని నాకూ అనిపిస్తుంది. అలసటకీ దిగులుకీ మధ్య ఎంత దూరమో అక్కడే చూడాలి. చూసి మీకేమనిపించిందో ఇక్కడే రాయండి, నేను మళ్ళీ ప్రింటు ముందు కూర్చుని చూసి చెబుతాను.